డైవింగ్ సీజన్ అయిపోయాక స్కూబా సామాను హైదరాబాద్ ఇంట్లో ఎలా దాచుకోవాలి: సమగ్ర మార్గదర్శి

అండమాన్‌లోనైనా, కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవి దగ్గరైనా డైవింగ్ సీజన్ దసరాకు కాస్త అటూఇటూగా మొదలై మే నెలతో ఆగిపోతుంది. కాబట్టి మనలో చాలామంది ఆఖరి ట్రిప్పు ముగించుకుని బ్యాగుతో హైదరాబాద్‌లో దిగేది రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండల్లో. పక్షం తిరిగేసరికి మృగశిర వస్తుంది. వానలు మొదలవుతాయి. జూలై, ఆగస్టుల్లో రోజుల తరబడి ముసురు పడుతుంది. అంటే మన సామాను ముందు 40 డిగ్రీల పొడి వేడిని, ఆ వెంటనే నాలుగు నెలల చెమ్మను తట్టుకోవాలి.

వేడి ఒక్కటే అయితే తట్టుకుంటుంది. చెమ్మ ఒక్కటే అయినా తట్టుకుంటుంది. లోపల ఉప్పు మిగిలి ఉంటే మాత్రం ఆ రెండూ కలిసి వేలు పోసి కొన్న సామానును తినేస్తాయి. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం కడగడం గురించే ఉంటుంది. ఉప్పు మొత్తం పోతే, దాచడం ఏమంత పెద్ద పని కాదు.

ఉప్పు ఏం చేస్తుందో ముందు తెలుసుకుందాం

ఒక లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. వాటిలో ఎక్కువ భాగం మామూలు ఉప్పే. గాలిలో తేమ దాదాపు 75 శాతం దాటితే అది గాలిలోంచి నీళ్లు పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమర్చేది ఇందుకే. సముద్రపు నీటిలో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి. వాటికి అంత తేమ కూడా అక్కర్లేదు. మెగ్నీషియం క్లోరైడ్ 33 శాతం తేమకే నీళ్లు పట్టుకుంటుంది.

ఇప్పుడు హైదరాబాద్ వాతావరణంతో కలిపి చూడండి. మే నెలలో పైపైన కడిగి ఆరేసిన రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని మన నోటికి అందించే పరికరం) గలగలా ఎండిపోయి, శుభ్రంగానే కనిపిస్తుంది. సందుల్లో ఉప్పు పలుకులు మాత్రం అలాగే ఉంటాయి. జూలైలో ముసురు పట్టగానే ఆ పలుకులు చెమర్చి మళ్లీ ఉప్పునీరవుతాయి. క్రోమ్ పూత కింద ఉన్న ఇత్తడిని, స్ప్రింగులను, స్క్రూలను పట్టుకుంటాయి. అక్టోబరులో బ్యాగు తెరిస్తే ఫస్ట్ స్టేజ్ మీద, అంటే రెగ్యులేటర్‌లో సిలిండర్‌కు బిగించే భాగం మీద పచ్చగా చిలుము కనిపిస్తుంది. ఆ డ్యామేజీ సముద్రంలో జరిగింది కాదు, బీరువాలో జరిగింది.

మొదటి అడుగు: తీరంలో ఉండగానే సగం పని

చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య విరామం ఉండాలని కోర్సులోనే చెబుతారు. వరుసగా కొన్ని రోజులు డైవ్ చేసినవాళ్లు కనీసం 18 గంటలు ఆగాలన్నది డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ మార్గదర్శకం. ఎత్తుకు వెళ్తే ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలు కట్టే ప్రమాదం ఉంది. నేత్రాణి నుంచి రోడ్డు మీద వచ్చేవాళ్లు కూడా పశ్చిమ కనుమలు ఎక్కి రావాలి కాబట్టి వాళ్లకూ ఆ విరామం మంచిదే. సామాను కడగడానికి దీన్ని మించిన సమయం దొరకదు. ఇంటికొచ్చాక చూద్దాంలే అనుకోవద్దు. ఎందుకంటే ఒక ముఖ్యమైన సౌకర్యం అక్కడుంటుంది, మన ఇంట్లో ఉండదు. అదే గాలి నింపిన సిలిండర్.

రెగ్యులేటర్‌ను సిలిండర్‌కు బిగించి, గాలి తెరిచి, మంచినీళ్లలో నానబెడితే లోపలికి నీరు పోయే అవకాశమే ఉండదు. అలా ఉన్నప్పుడు పర్జ్ బటన్ (మౌత్‌పీసు భాగం మీద ఉండి, నొక్కితే గాలి వదిలేది) నిర్భయంగా నొక్కొచ్చు. ఇసుక, ఉప్పు బయటికి కొట్టుకుపోతాయి. చివరి రోజు సెంటర్ వాళ్లను అడిగి ఈ ఒక్క పని చేయించుకుంటే ఇంట్లో భారం చాలా తగ్గుతుంది.

ఇంకో మాట. డైవ్ సెంటర్ తొట్టిలో పొద్దున్నుంచి అందరి సామానూ ముంచి తీస్తారు. సాయంత్రానికి ఆ నీళ్లే ఉప్పగా అయిపోతాయి. తొట్టిలో ముంచాం కాబట్టి కడిగేసినట్టే అనుకోకుండా, నీళ్లు మార్చమనండి. లేదంటే పైపు పట్టుకుని విడిగా కడుక్కోండి.

తడి పూర్తిగా ఆరకుండానే బ్యాగు సర్దాల్సి వస్తే పర్లేదు. కానీ శంషాబాద్‌లో దిగి ఇంటికి చేరిన రాత్రే బ్యాగు విప్పేయాలి. మే నెల ఎండలో కారు డిక్కీలో ఒక్క మధ్యాహ్నం వదిలేసినా వెట్‌సూట్ (నియోప్రీన్ రబ్బరుతో చేసిన డైవింగ్ దుస్తు) అతుకుల జిగురుకు, లోతు, సమయం చూపే డైవ్ కంప్యూటర్ బ్యాటరీకి దెబ్బ తగులుతుంది.

రెండో అడుగు: నీళ్లు చూసుకోండి

మన ఊళ్లో బోరు నీళ్లు కఠినమైనవి. గీజర్ కాయిల్ మీద, బకెట్ అంచున, స్టీలు కొళాయి మీద పేరుకునే తెల్లని పొర అదే. ఉప్పు వదిలించడానికి బోరు నీళ్లు వాడొచ్చు, ఇబ్బంది లేదు. చివరి కడుగు మాత్రం నల్లా నీళ్లతోనే చేయాలి. నల్లా రోజు విడిచి రోజు వచ్చే కాలనీల్లో, ముందురోజే రెండు డ్రమ్ములు పట్టి పెట్టుకుంటే టెన్షన్ ఉండదు. రెగ్యులేటర్, కంప్యూటర్ వరకైనా ఆఖరి కడుగు ఆర్వో నీళ్లతో చేస్తే తెల్ల మరకలు అస్సలు రావు.

వేసవిలో డాబా మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. ఆ నీళ్లు సామాను మీద పోయొద్దు. ఉదయం ఏడు లోపల పట్టుకుంటే గోరువెచ్చగా ఉంటాయి. ఉప్పు కరగడానికి ఆ వేడి చాలు.

మే నెలలో ట్యాంకర్ పిలిపించుకునే అపార్ట్‌మెంట్లలో నీళ్లు పొదుపుగా వాడాలి. దానికి వరుస ముఖ్యం. శుభ్రమైన నీళ్లలో ముందు రెగ్యులేటర్, కంప్యూటర్ నానాలి. అవే నీళ్లలో తర్వాత మాస్క్, ఫిన్స్ (కాళ్లకు తొడిగే రెక్కలు). ఆ తర్వాత బీసీడీ, అంటే గాలి నింపి, వదిలి నీళ్లలో తేలడాన్ని అదుపు చేసే జాకెట్. చివర వెట్‌సూట్, బూట్లు. అన్నీ అయ్యాక మిగిలిన నీళ్లు బాత్రూమ్ ఫ్లష్‌కు వాడుకోండి, మొక్కలకు మాత్రం పోయొద్దు.

ఉప్పు పోయిందో లేదో తెలిసేదెలా? చూస్తే తెలియదు. ఇక్కడ మన ఊరి కఠిన నీళ్ల పుణ్యమా అని దాదాపు ప్రతి వీధిలో దొరికే ఒక చిన్న వస్తువు పనికొస్తుంది. అదే ఆర్వో మెకానిక్ జేబులో ఉండే టీడీఎస్ పెన్ను, నీటిలో కరిగిన లవణాలను కొలిచేది. ముందు టబ్బులో పోసిన శుభ్రమైన నీటి రీడింగ్ రాసుకోండి. సామాను అరగంట నానబెట్టి, బాగా కదిపి, మళ్లీ చూడండి. లెక్క సులువు. 100 లీటర్ల నీళ్లలో ఒక్క లీటరు సముద్రపు నీరు కలిసినా రీడింగ్ దాదాపు 350 పెరుగుతుంది. కాబట్టి పెన్నుకు దొరక్కుండా ఉప్పు దాక్కోలేదు. మొదటి నీళ్లలో రీడింగ్ బాగా పెరుగుతుంది, రెండోసారి కొంచెం, మూడోసారి ఇంకా కొంచెం. నానబెట్టక ముందూ తర్వాతా తేడా 20, 30 కంటే తక్కువగా ఉంటే అప్పుడు ఆపేయండి. ఎన్నిసార్లు కడగాలి అన్న ప్రశ్నకు ఇంతకంటే నమ్మకమైన జవాబు నాకు ఇంకెక్కడా దొరకలేదు.

మూడో అడుగు: రెగ్యులేటర్

నీటి అడుగున మన ఊపిరి దీని మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే దీనికి తొందర పనికిరాదు.

ముందు డస్ట్ క్యాప్, అంటే ఫస్ట్ స్టేజ్ నోటికి పెట్టే మూత సంగతి. క్యాప్ లోపలి వైపు పొడి నూలు గుడ్డతో తుడవండి. ఫస్ట్ స్టేజ్ నోటి చుట్టూ ఉన్న తడి కూడా తుడవండి. సిలిండర్ గాలితో ఊదడం చాలామందికి అలవాటు. ఆ గాలి సూటిగా రెగ్యులేటర్ నోటి వైపు కొడితే తడి లోపలికే పోతుంది. గుడ్డే మేలు. తర్వాత క్యాప్‌ను గట్టిగా బిగించాలి. ఆ క్యాప్ రబ్బరు చీలి ఉంటే నానబెట్టడానికి ముందే మార్చండి.

ఇంట్లో గాలి ఒత్తిడి ఉండదు కాబట్టి రెండు నియమాలు తప్పకూడదు. ఒకటి, నీళ్లలో ఉన్నంతసేపు పర్జ్ బటన్ ముట్టుకోవద్దు. నొక్కితే వాల్వ్ తెరుచుకుని నీరు హోస్‌లోకి (గాలి గొట్టంలోకి) ఎక్కుతుంది. రెండు, ఫస్ట్ స్టేజ్ ఎప్పుడూ సెకండ్ స్టేజ్‌ల (మౌత్‌పీసు ఉండే భాగాల) కంటే ఎత్తులో ఉండాలి. బకెట్ మీద అడ్డంగా ఒక కర్ర పెట్టి దానికి ఫస్ట్ స్టేజ్ తగిలించి, మౌత్‌పీసులు నీళ్లలోకి వేలాడదీస్తే సరిపోతుంది. ఫస్ట్ స్టేజ్ మీద విడిగా మగ్గుతో నెమ్మదిగా నీళ్లు పోయండి. దాని ఒంటి మీద చిన్న రంధ్రాలుంటే వాటి గుండా కూడా నీరు పారాలి. జెట్ స్ప్రే అసలు వాడొద్దు.

ఇప్పుడు హోస్ చివర్లు. అక్కడ రబ్బరు తొడుగులుంటాయి. వాటిని వెనక్కి లాగి చూడండి. చాలాసార్లు కింద తెల్లటి పలుకులు గీతలా అంటుకుని ఉంటాయి. వాటి పక్కనే ఇత్తడి కాస్త పచ్చబడి ఉంటుంది. మెత్తని టూత్‌బ్రష్‌తో రుద్ది, నీళ్లు పోసి, తొడుగును వెనక్కి లాగి ఉంచే ఆరనివ్వాలి. ప్రెషర్ గేజ్ రబ్బరు బూటు కింద కూడా అంతే. హోస్‌ను వేళ్ల మధ్య వంచి చూస్తే పగుళ్లు బయటపడతాయి. పగులు కనిపిస్తే ఆ హోస్ ఇక వద్దు. కనిపించకపోయినా ఐదేళ్లు దాటిన హోస్‌లు మార్చేయడం మంచిది. ముఖ్యంగా బయట నూలు అల్లికలా కనిపించే మెత్తని హోస్‌ల విషయంలో జాగ్రత్త. వాటిలో కొన్ని రకాలకు లోపలి గొట్టం వేడికీ తేమకూ క్షీణించి స్ఫటికాలు కట్టి, గాలికి అడ్డం పడిన సందర్భాలున్నాయి. బయటికి ఏమీ తెలియదు. మన వాతావరణానికి నేనైతే మామూలు రబ్బరు హోస్‌నే ఎంచుకుంటాను.

ఆరబెట్టేటప్పుడు మౌత్‌పీసులు కిందికి ఉండాలి. నీడలో, ఫ్యాన్ కింద రెండు రోజులు. ఆరాక సెకండ్ స్టేజ్ మీద శ్వాస బిగువును సర్దే నాబ్ ఉంటే దాన్ని వదులు వైపు తిప్పి ఉంచండి. లోపల గాలిని ఆపే సీటు మీద నెలల తరబడి అనవసరపు ఒత్తిడి పడదు. హోస్‌లను పెద్ద చుట్టగా, అడుగు వెడల్పుకు తగ్గకుండా చుట్టి, మెత్తటి సంచిలో పడుకోబెట్టాలి. మేకుకు తగిలిస్తే బరువంతా హోస్ మొదళ్ల మీద పడుతుంది.

గ్రీజు, నూనెల గురించి ఒక్క మాట. కొబ్బరి నూనె, వాజలీన్, కుట్టుమిషన్ నూనె ఏదీ దీని దరిదాపులకు రాకూడదు. కొన్ని రబ్బర్లు వాటికి ఉబ్బిపోతాయి. ఆక్సిజన్ శాతం పెంచిన గ్యాస్ వాడేవాళ్లకైతే అది నిప్పు ప్రమాదం కూడా.

నాలుగో అడుగు: బీసీడీ లోపలికి కూడా నీళ్లు పోవాలి

జాకెట్ బయట కడగడం అందరూ చేస్తారు. డైవ్‌లో గాలి వదిలిన ప్రతిసారీ కొంచెం సముద్రపు నీరు లోపలి సంచిలోకి చేరుతుంది. అది అక్కడే ఎండితే పలుకులు గాజు ముక్కల్లా సంచి గోడను గీరతాయి. జాకెట్‌లోకి గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ బటన్‌ను పట్టేస్తాయి. బటన్ నొక్కిన చోటే ఇరుక్కుపోతే జాకెట్ దానంతట అదే ఉబ్బి మనిషిని పైకి లాక్కెళ్తుంది. అంత వేగంగా పైకి రావడం ఊపిరితిత్తులకు ప్రాణాంతకం కావచ్చు. అందుకే దీన్ని మొహమాటం లేకుండా కడగాలి.

జాకెట్ తలకిందులు కాకుండా తగిలించి, ముడతల గొట్టాన్ని పైకి ఎత్తి పట్టుకోండి. గాలి వదిలే బటన్ నొక్కి ఉంచి, చిన్న గరాటుతో మూడు నాలుగు లీటర్ల గోరువెచ్చని నీళ్లు లోపలికి పోయండి. ఇద్దరుంటే ఈ పని తేలిక. తర్వాత మౌత్‌పీసు తుడిచి, నోటితో ఊది జాకెట్‌ను బిర్రుగా నింపండి. లోపలికి ఊదాలే తప్ప అందులోని గాలి పీల్చకూడదు. ఆ చీకటి తడి సంచిలో బూజు, బ్యాక్టీరియా పెరుగుతాయి. జాకెట్‌ను అన్ని వైపులా తిప్పుతూ నీళ్లను మూలమూలకూ ఆడించండి. తర్వాత నిటారుగా పట్టుకుని, గాలి వదలడానికి అడుగున ఉండే డంప్ వాల్వ్ తాడు లాగి నీళ్లు బయటికి వదలండి. ఆ నీళ్లలో టీడీఎస్ పెన్ను ముంచి చూడండి. మొదటిసారి వచ్చే అంకె చూశాక రెండోసారీ మూడోసారీ కడగమని ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇన్‌ఫ్లేటర్ గొట్టం తగిలే మెటల్ ముక్కను ధార కింద పెట్టి, బటన్లు రెండూ పదిపదిహేనుసార్లు నొక్కి వదలాలి. వెల్క్రోలో ఇసుక, జేబుల్లో గులకరాళ్లు, బరువులు పెట్టే అరల్లో తడి, అన్నీ చూడాలి.

చివరి నీళ్లు వంపేశాక మళ్లీ గాలి నింపి రాత్రంతా వేలాడదీస్తే, ఎక్కడో దాగిన నీళ్లు తెల్లారేసరికి ఒకచోట చేరతాయి. వాటినీ వంపేయండి. పనిలో పనిగా లీక్ పరీక్ష కూడా అయిపోతుంది. పొద్దున జాకెట్ మెత్తబడి ఉంటే ఎక్కడో గాలి పోతోందన్నమాట. దాచేటప్పుడు సగం గాలితో వెడల్పాటి హ్యాంగర్‌కు తగిలించాలి. పూర్తిగా గాలి తీసి మడతపెడితే, లోపలి గోడలు ఒకదానికొకటి అంటుకుపోతాయి.

ఐదో అడుగు: వెట్‌సూట్, బూట్లు, గ్లవ్స్

నియోప్రీన్ అంటే మూసి ఉన్న చిన్న చిన్న గ్యాస్ బుడగలున్న రబ్బరు. వెచ్చదనం ఇచ్చేది ఆ బుడగలే. మడతపెట్టి పైన దుప్పట్లు వేస్తే మడత దగ్గర బుడగలు నలిగి, అక్కడ సూట్ పలచబడిపోతుంది. తర్వాత ఎంత సాగదీసినా ఆ గీత పోదు. కాబట్టి మడత వద్దు. బీరువాలో బట్టల మధ్య ఇరికించడం అసలే వద్దు.

కడగడం ముందు లోపలి వైపు నుంచే మొదలుపెట్టాలి. చెమట, ఒంటి నూనె, సన్‌స్క్రీన్, ఇంకా మనం బయటికి చెప్పుకోనివి అన్నీ అక్కడే ఉంటాయి. పిల్లల షాంపూ నాలుగు చుక్కలు వేసిన గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, చేత్తో మెల్లగా పిండకుండా ఒత్తండి. వాషింగ్ మెషిన్, సర్ఫ్, బ్లీచ్, డెటాల్, ఫ్యాబ్రిక్ కండిషనర్ ఏవీ వద్దు.

తడి సూట్ చాలా బరువుంటుంది. భుజాల మీద వేలాడదీస్తే ఆ బరువుకు భుజాలు సాగిపోతాయి. ముందు నడుము దగ్గర సగానికి వేసి నీళ్లు కారనివ్వాలి. సన్నని ఇనుప తీగ దండెం మీద వేస్తే గీత పడుతుంది. రెండంగుళాల పీవీసీ పైపు ముక్కలోంచి ఆ తీగను పోనిస్తే గుండ్రని, మందమైన ఆధారం దొరుకుతుంది. నీళ్లు కారిపోయాక భుజాల మీదికి మార్చొచ్చు. వెడల్పాటి హ్యాంగర్ దొరక్కపోతే మామూలు హ్యాంగర్ రెండు చివర్లకూ పాత టవల్ చుట్టి తాళ్లతో కట్టండి. జిప్పుకు కొవ్వొత్తి రుద్దితే చాలు.

బూట్లు, గ్లవ్స్ లోపల పాత న్యూస్‌పేపర్ ఉండలు కూరి, తడిసినప్పుడల్లా మార్చాలి.

ఆరో అడుగు: మిగతావి

మాస్క్, స్నార్కెల్: కడిగి ఆరబెట్టి, స్ట్రాప్ వదులు చేసి గట్టి పెట్టెలో విడిగా పెట్టాలి. తెల్లని సిలికాన్‌ను నల్ల రబ్బరుకు, నియోప్రీన్‌కు ఆనించి నెలల తరబడి ఉంచితే పసుపు మరకలు పడతాయి. అవి ఇక పోవు.

ఫిన్స్: కొన్నప్పుడు పాదం పెట్టే చోట వచ్చిన ప్లాస్టిక్ అచ్చులు పారేయకండి, వాటిని పెట్టే దాచాలి. కొనల మీద నిలబెడితే బ్లేడ్ వంగిపోతుంది. మంచం కింద పరిచినట్టు పెట్టండి.

డైవ్ కంప్యూటర్: ముందు లాగ్ మొత్తం ఫోన్‌లోకి ఎక్కించుకోండి. లోతు కొలిచే సెన్సర్ రంధ్రాల్లో పిన్నీసు పెట్టి పొడవొద్దు, నానితే ఉప్పు అదే కరుగుతుంది. చాలా కంప్యూటర్లు తడి తగిలితే వాటంతటవే ఆన్ అవుతాయి. చెమ్మ ఉన్న చోట పెడితే బ్యాటరీ ఊరికే అయిపోతుంది. చార్జింగ్ రకమైతే సగం చార్జింగ్‌తో దాచి, రెండు నెలలకోసారి చూస్తుండాలి.

టార్చ్: బ్యాటరీలు బయటికి తీయాల్సిందే. ఓ-రింగ్ (నీళ్లు చొరబడకుండా ఆపే రబ్బరు వలయం) తీసి చిన్న జిప్ కవర్లో పెట్టి, దాని మీదే టార్చ్ పేరు రాసుకుంటే అక్టోబరులో వెతుకులాట ఉండదు. అండర్‌వాటర్ కెమెరా హౌసింగ్ ఉన్నవాళ్లకూ ఇదే పద్ధతి.

సిగ్నల్ బాయ్ (మనం ఉన్న చోటు పడవకు తెలిపేలా నీటి మీద తేలే గొట్టం), రీల్: రీల్ తాడు మొత్తం విప్పి ఆరబెట్టాలి. చుట్ట లోపలి పొరలు వారమైనా ఆరవు.

సిలిండర్ హైదరాబాద్‌లో సొంతంగా ఉన్నవాళ్లు అరుదు. ఉంటే పూర్తిగా ఖాళీ చేయకుండా కొద్దిగా గాలి, 10 నుంచి 20 బార్ వరకు ఉంచి, పడిపోకుండా నిలబెట్టి దాచాలి. లోపల కాస్త ఒత్తిడి ఉంటే చెమ్మ చొరబడదు.

ఏడో అడుగు: ఆరబెట్టడం

మే నెల ఎండలో డాబా మీద వేస్తే గంటలో ఆరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ ఆ ఎండలోని అతినీలలోహిత కిరణాలు రబ్బరును, నియోప్రీన్‌ను పెళుసుగా చేస్తాయి. సిమెంటు డాబా వేడి కింద నుంచి కూడా కాలుస్తుంది. గాలి ఆడే నీడలోనే ఆరబెట్టాలి.

ఇంట్లో కూలర్ ముందు పెట్టొద్దు. కూలర్ గాలి చల్లగా ఉండేది నీటి ఆవిరి వల్లే. దాని ముందు సామాను తెల్లారినా తడిగానే ఉంటుంది. కూలర్‌నే వాడాలనుకుంటే నీటి పంపు ఆపేసి ఫ్యాన్ మాత్రం నడపండి. అప్పటికే వానలు మొదలైతే ఏసీ గదిలో డ్రై మోడ్ పెట్టి రాత్రంతా వదిలేయడం అన్నింటికంటే మంచి పద్ధతి. ఆరిందనిపించాక ఇంకో రోజు ఉంచి అప్పుడు సర్దండి.

ఎనిమిదో అడుగు: ఇంట్లో ఎక్కడ పెట్టాలి

అందరికీ ముందుగా గుర్తొచ్చేది అటక. పై అంతస్తు ఫ్లాట్‌లో స్లాబ్ కింది అటక రోహిణి కార్తెలో పొయ్యిలా ఉంటుంది. అక్కడ వద్దు. బాల్కనీలో ఎండ, జల్లు. సింకు కింద చెమ్మ. వంటింట్లో నూనె ఆవిరి. ఇన్వర్టర్ పక్కన బ్యాటరీ ఆసిడ్ ఆవిర్లు. మిక్సీ, డ్రిల్లింగ్ మెషిన్ లాంటి బ్రష్‌లున్న మోటార్లలో నిప్పురవ్వల వల్ల కొంచెం ఓజోన్ పుడుతుంది, రబ్బరుకు అది పడదు.

మిగిలేది లోపలి పడగ్గది. సూట్, జాకెట్ వేలాడదీయడానికి బీరువాలో ఒక అర ఖాళీ చేయించుకోవాలి. ఇంట్లోవాళ్లతో ఆ మాట సీజన్ ముగియకముందే మాట్లాడుకోవడం మంచిది. బీరువా బయటి గోడకు ఆనుకుని ఉంటే జానెడు ముందుకు జరపండి. వానాకాలంలో ఆ గోడ చెమ్మ పడుతుంది.

మన ఇళ్లలో బీరువా అనగానే కలరా ఉండలు వేస్తారు. ఈ అరలో వద్దు. ఆ వాసన నియోప్రీన్, సిలికాన్ పీల్చుకుని వదలవు. ఆ మౌత్‌పీసు నోట్లో పెట్టుకునేది మనమే. కర్పూరం బిళ్లలు కూడా వద్దు. వాటి బదులు సిలికా జెల్ సంచులు పెట్టండి. నీలం రంగు పలుకులు గులాబీ రంగుకు మారితే తేమ నిండినట్టు, మార్చాలి.

బొద్దింకల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. స్నార్కెల్, సెకండ్ స్టేజ్, ఇన్‌ఫ్లేటర్ నోరు, అన్నీ వాటికి ఇష్టమైన చీకటి గొట్టాలే. లోపలి పలచని రబ్బరు వాల్వ్ చెదిరినా, దాని కింద చెత్త ఇరుక్కున్నా గాలితో పాటు నీళ్లూ నోట్లోకొస్తాయి. ప్రతి నోటికీ నూలు గుడ్డ కప్పి రబ్బరు బ్యాండ్ వేయండి. చుట్టూ పురుగుల మందు స్ప్రే మాత్రం కొట్టొద్దు.

తొమ్మిదో అడుగు: వానాకాలంలో మధ్యమధ్య చూసుకోవడం

పెట్టేసి మరచిపోతే కుదరదు. తేదీలు గుర్తుండవు కాబట్టి పండుగలతో ముడిపెట్టుకోవడం సులువు. బోనాలప్పుడు ఒకసారి, వినాయక చవితికి ఇంకోసారి తలుపులు తీసి చూడండి. వాసన చూడండి, ముక్కవాసన వస్తే ఫ్యాన్ కింద ఒక రోజు పెట్టండి. జాకెట్‌లో గాలి తగ్గితే నింపండి. సిలికా జెల్ మార్చండి. డస్ట్ క్యాప్ విప్పి, ఫస్ట్ స్టేజ్ నోట్లో కనిపించే చిన్న లోహపు ఫిల్టర్‌ను టార్చ్ వేసి చూడండి. అది పచ్చబడి ఉంటే లోపలికి సముద్రపు నీరు పోయిందన్నమాట. ఇక ఆగకుండా సర్వీసుకు పంపాలి.

సర్వీస్ ఎప్పుడు చేయించాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. రెగ్యులేటర్‌లో లోపం కనిపిస్తే, అంటే దానంతట అదే గాలి వదులుతున్నా, ఎక్కడైనా బుసబుసమన్నా, జూన్‌లోనే పంపండి. ఏ లోపమూ లేకపోతే ఆగస్టు చివర్లో చేయించడం మేలని నా అభిప్రాయం. ఇప్పుడే చేయిస్తే సర్వీస్ గడువులో నాలుగు నెలలు బీరువాలోనే కరిగిపోతాయి. కొత్త సీటు కూడా వాడకుండా నలుగుతుంది. అయితే విడిభాగాల కిట్లు చాలావరకు విదేశాల నుంచి రావాలి. అందుకే మీరు శిక్షణ తీసుకున్న సెంటర్ వాళ్లతో జూలైలోనే మాట్లాడి మోడల్ పేరు చెప్పి ఉంచండి.

పదో అడుగు: తిరిగి బయటికి తీసినప్పుడు

దసరా ప్రయాణానికి రెండు వారాల ముందు అన్నీ బయటికి తీయండి. రెగ్యులేటర్‌కు ఇంట్లోనే చేసే ఒక పరీక్ష ఉంది. డస్ట్ క్యాప్ బిగించి ఉంచి, మౌత్‌పీసుతో మెల్లగా గాలి పీల్చండి. అస్సలు రాకూడదు, నోరు బిగుసుకున్నట్టు ఉండాలి. గాలి వస్తే క్యాప్ సరిగా బిగియలేదేమో చూసి మళ్లీ చేయండి. అయినా వస్తే డయాఫ్రమ్‌లోనో (సెకండ్ స్టేజ్‌లోని పలచని రబ్బరు పొర), ఊపిరి వదిలే వాల్వ్‌లోనో, హోస్‌లోనో చిల్లు ఉంది. నాబ్‌ను మళ్లీ పాత స్థానానికి తిప్పండి. టార్చ్ ఓ రింగ్‌కు కొద్దిగా సిలికాన్ గ్రీజు రాసి బిగించండి. గ్రీజు మెరుస్తూ కనిపించాలి, ముద్దగా ఉండకూడదు.

ఆ తర్వాత స్విమ్మింగ్ పూల్‌లో ఒక గంట. సిలిండర్ బిగించి, ఇన్‌ఫ్లేటర్ బటన్లు, డంప్ వాల్వ్‌లు, ఆక్టోపస్ (అదనంగా ఉండే రెండో సెకండ్ స్టేజ్), గేజ్ అన్నీ నీళ్లలో పరీక్షించండి. మాస్క్ అంచు ముఖానికి పట్టుకుంటోందో లేదో అక్కడే తెలుస్తుంది. క్లోరిన్ నీళ్లు కూడా నియోప్రీన్‌కు మంచివి కావు, ఇంటికొచ్చాక మళ్లీ కడగాల్సిందే. పూల్‌లో ఏదైనా తేడా కనిపిస్తే బాగు చేయించుకోవడానికి ఇంకా పది రోజుల సమయం ఉంటుంది. సర్దేటప్పుడు టార్చ్‌లోని లిథియం బ్యాటరీలను చెకిన్ బ్యాగులో వేయకుండా, చివర్లకు టేప్ అంటించి క్యాబిన్ బ్యాగులో పెట్టుకోండి.